డీజిలు ధర - లారీ బాడుగ

వేసవి వచ్చిందంటే నూజివీడు చుట్టుపక్కల తోటలనుండి మామిడికాయ లారీలకెక్కి ఢిల్లీకి బయలుదేరుతుంది. దారి సుమారు 1,800 కిలోమీటర్లు. పది చక్రాల లారీ నిండు బరువుతో లీటరుకు నాలుగు కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే, ఒక వైపు ప్రయాణానికే 450 లీటర్ల డీజిలు కావాలి. బాడుగ కుదిరిన తరువాత డీజిలు ధర లీటరుకు ఒక్క రూపాయి పెరిగినా ఆ లారీ మీద 450 రూపాయల అదనపు భారం పడుతుంది. పది రూపాయలు పెరిగితే అది 4,500 రూపాయలవుతుంది.

శ్రోతలు ఈ లెక్కను మరొక వైపునుండి కూడా చూడవలసిందిగా కోరుతున్నాను. ఆ లారీలో పదహారు టన్నుల కాయ ఉన్నదనుకుందాం. ఈ 4,500 రూపాయలను ఆ సరుకు మీద పంచితే కిలోకు 28 పైసలు పడుతుంది. ఢిల్లీలో ఆ పండు కొనుక్కొనే ఇల్లాలికి ఆ 28 పైసల సంగతి తెలియనైనా తెలియదు. బేరంలో అంతకు పదింతలు అటూ ఇటూ అవుతుంది. కాని అదే 4,500 రూపాయలు లారీ యజమాని నెత్తిన పడితే, ఆ ప్రయాణంలో అతనికి మిగలవలసిన సొమ్ము చాలా వరకు ఆవిరైపోతుంది. అందరూ కలిసి మోస్తే దూదిపింజంత తేలికగా ఉండే బరువు ఒక్కడి మీద పడేసరికి బండరాయి అవుతున్నది. చమురు ధరల ఒడిదుడుకులనుండి లారీవారిని ప్రభుత్వం ఆదుకోవడమంటే ఏమిటన్న ప్రశ్నకు మూలమంతా ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

లారీ యజమాని అనగానే మనకు పెద్ద షెడ్డూ, పాతిక బండ్లూ గల షావుకారు మనస్సులో మెదులుతాడు. అట్టివారూ లేకపోలేదు. కాని మన దేశంలో లారీలలో అధికభాగం ఒకటి రెండు, మహా అయితే నాలుగైదు బండ్లు గలవారి చేతిలో ఉన్నవి. పదేళ్లో పదిహేనేళ్లో క్లీనరుగా, డ్రైవరుగా పనిచేసి, ఇంట్లో బంగారం కుదువబెట్టి, మిగిలినదానికి ఫైనాన్సు తెచ్చుకొని ఒక బండి కొన్నవారు వీరిలో ఎందరో. విజయవాడ ఆటోనగరులో ఒక ఉదయం నిలబడి చూస్తే, బండి కింద దూరి గ్రీజు పూసుకుంటున్న మనిషే దాని యజమాని కావడం విశేషమేమీ కాదు.

డీజిలు ధర పెరిగినప్పుడు ఈ మనిషి బాడుగ పెంచి అడగవచ్చు కదా అని మీరనవచ్చు. అడగగలడు, కాని లోడు దొరకదు. సరుకుగల వర్తకునికీ లారీకీ నడుమ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ఉన్నది, దాని వెనుక బ్రోకరు ఉన్నాడు. వారి గుమ్మం ముందు మరి పది లారీలు నిలిచి ఉన్నవి. బండి నడిచినా నిలిచినా నెల తిరిగేసరికి ఫైనాన్సు వాయిదా కట్టవలసిందే, బీమా కట్టవలసిందే. ఖాళీగా నిలబడడంకంటె నష్టానికైనా కదలడం మేలనిపించే స్థితిలో అతడుంటాడు. ఢిల్లీ చేరిన తరువాత స్థితి మరీ దయనీయం. తిరుగుప్రయాణానికి లోడు దొరికేదాకా రెండు మూడు రోజులు రోడ్డు పక్కనే వంట, అక్కడే స్నానం, అక్కడే నిద్ర. చివరకు ఎంతిస్తే అంతకు ఎక్కించుకొని రావలసి వస్తుంది. బేరమాడే బలం లేనివానికి ధర స్వేచ్ఛ అనేది పెద్ద వరమేమీ కాదు.

యజమాని వేరు, డ్రైవరు వేరు అయినచోట ఈ భారం ఇంకొక మెట్టు కిందికి దిగుతుంది. బత్తా పెరగదు. బండికి ఇన్ని కిలోమీటర్లకు ఇన్ని లీటర్లని లెక్క కడతారు. దానికి మించి కాలితే డ్రైవరు లెక్కలోనుండి కోస్తారు. ఇద్దరు డ్రైవర్లు వెళ్లవలసిన దారికి ఒక్కడే వెళ్తాడు. క్లీనరు అన్న మాట ఎన్నో లారీలలో పేరుకు మాత్రమే మిగిలింది. నిద్ర లేని కళ్లతో తెల్లవారుజామున బండి నడుపుతున్న మనిషికీ, చమురు బంకు దగ్గర మారిన అంకెకూ ఉన్న సంబంధం మనకు కనిపించదు. అయినా ఆ రోడ్డు మీదనే మన పిల్లలెక్కిన బస్సు కూడా ప్రయాణం చేస్తున్నది.

ఇక ధర సంగతి. ఒకప్పుడు డీజిలు ధరను ప్రభుత్వమే నిర్ణయించేది. 2002 ఏప్రిల్‌లో ఆ పద్ధతికి స్వస్తి చెప్పినట్లు ప్రకటించినా, ఆచరణలో మరి పన్నెండేళ్లు ధర ప్రభుత్వపు చేతిలోనే ఉన్నది. ప్రపంచంలో ముడిచమురు మండిపోతున్నా ఇక్కడ ధర నెమ్మదిగా కదిలేది. లోటును చమురు కంపెనీలూ, ఖజానా మోసేవి. ఆ రోజులను తలచుకొని నిట్టూర్చే లారీ యజమానులున్నారు. న్యాయంగా చెప్పాలంటే ఆ పద్ధతిలోనూ లోపముండేది. లారీకోసం, నాగలి దున్నే ట్రాక్టరుకోసం చౌక చేసిన డీజిలును ఖరీదైన కార్లూ, సెల్‌ఫోను టవర్ల జనరేటర్లూ అంతే చౌకగా తాగేవి. 2013 జనవరినుండి నెలనెలా కొద్దికొద్దిగా ధర పెంచుకొనే వీలు కంపెనీలకు ఇచ్చారు. 2014 అక్టోబరులో నియంత్రణను పూర్తిగా ఎత్తివేశారు. అప్పటినుండి పదిహేను రోజులకొకసారి ధర మారుతూ వచ్చింది. 2017 మే 1న దేశంలో అయిదు పట్టణాలలో ప్రతిదినమూ ధర మార్చే పద్ధతిని పరీక్షించి చూశారు. వాటిలో మన విశాఖపట్నం ఒకటి. ఆ ఏడు జూన్ 16నుండి అది దేశమంతటికీ వర్తించింది.

రోజూ మారే ధర కారు గలవానికి పెద్ద ఇబ్బంది కాదు. ఈ వేళ ఒకటి, రేపు ఒకటి, సరిపోతుంది. నాలుగు రోజుల దారికి ఈ వేళ బాడుగ ఒప్పుకొన్నవానికి అది వేరు సంగతి. అతడు అమ్మే వస్తువుకు ధర కట్టుబడి ఉన్నది, కొనే వస్తువుకు ధర కట్టుబాటు లేదు. 2018 జూలై 20నుండి ఎనిమిది రోజులపాటు దేశవ్యాప్తంగా జరిగిన లారీల సమ్మెలోని కోర్కెలలో డీజిలు ధరను మూడు నెలలకొకసారి మాత్రమే మార్చాలన్నది ముఖ్యమైనది. ధర తగ్గించమనడమే కాదు, మార్పును ముందుగా తెలిసేటట్లు చేయమని వారు అడిగారని గమనించాలి. ఒక సంఘం నియమిస్తామన్న హామీతో ఆ సమ్మె ముగిసింది. విచిత్రమేమనగా, ఆ జూలైలోనే లారీలు మోయగల బరువు పరిమితిని కేంద్రప్రభుత్వం పెంచింది. పది చక్రాల లారీకి బండి బరువుతో కలిపి 25 టన్నులున్న హద్దు 28.5 టన్నులయింది. మేలు చేద్దామనే చేశారు. కాని అదే సరుకుకు తక్కువ లారీలు చాలునన్న స్థితి వస్తే లోడుకోసం పోటీ పెరుగుతుందే గాని తగ్గదు కదా.

ధరలో ముడిచమురు పాలెంత, పన్నుల పాలెంత అన్నది తరువాతి ప్రశ్న. 2014లో లీటరు డీజిలు మీద కేంద్రపు ఎక్సైజు సుంకం 3 రూపాయల 56 పైసలు. 2020 మేలో అది 31 రూపాయల 83 పైసలకు చేరింది. అది కరోనా కాలం. ప్రపంచమంతటా ముడిచమురు ధర పాతాళానికి పడిపోయి ఉన్నది. ఆ తగ్గుదల మేరకు సుంకం పెరిగింది గనుక బంకులో ధర తగ్గలేదు. లారీలు రోడ్ల పక్కన నిలిచి ఉన్న దినాలవి. పైగా ఆ జూన్ 7నుండి దాదాపు మూడు వారాలు రోజూ ధర పెరిగింది. జూన్ 24న ఢిల్లీలో డీజిలు పెట్రోలును దాటిపోయింది. అటువంటిది అంతకుముందు ఎన్నడూ జరగలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటని పెద్దలన్నది ఇటువంటి సందర్భానికే. 2021 అక్టోబరు నాటికి హైదరాబాదులో లీటరు డీజిలు నూరు రూపాయలు దాటింది.

అప్పుడు ఉపశమనం వచ్చింది. 2021 నవంబరు 4నుండి కేంద్రం డీజిలు మీద పది రూపాయల సుంకం తగ్గించింది. తెలంగాణలో రాష్ట్రపు పన్ను అప్పటికి నూటికి 27 వంతున ఉన్నది. ఆ పన్ను సుంకం మీద కూడా పడుతుంది గనుక పది రూపాయల తగ్గింపు బంకు దగ్గర సుమారు 12 రూపాయల 70 పైసలుగా కనిపించింది. పన్ను మీద పన్ను వేయడంలో ఇదొక్కటే మంచి గుణం. తగ్గేటప్పుడు కూడా కాస్త ఎక్కువగా తగ్గుతుంది. కర్ణాటక ప్రభుత్వం తన వంతుగా మరొక ఏడు రూపాయలు తగ్గించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు అప్పుడు తమ పన్ను తగ్గించలేదు. ఇక హిందూపురం, మడకశిర ప్రాంతాల లారీవాడు సరిహద్దు దాటి ట్యాంకు నింపుకొని వచ్చాడంటే అతన్ని తప్పుపట్టగలవారెవరు? 2022 మే 22న కేంద్రం మరి ఆరు రూపాయలు తగ్గించింది. 2022 ఏప్రిల్ మొదలు 2024 మార్చి వరకు, సుంకాల మార్పు తప్ప, కంపెనీలు ధరను దాదాపు కదిలించలేదు. రోజూ మారాలన్నది నియమం. రెండేళ్లు కదలకపోవడం ఆచరణ. ధరను నిలకడగా ఉంచవచ్చునని దీనివలన తెలిసింది. ఎప్పటిదాకా నిలకడగా ఉంటుందో మాత్రం బాడుగ ఒప్పుకొనేవానికి ఎవరూ చెప్పలేదు.

ఈ తగ్గింపులు మేలు చేయలేదని నేననను. కాని అవి ఎవరికి చేరినవని అడగాలి. బంకులో పన్నెండు రూపాయలు తగ్గిన మరునాడు ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో మాట మారుతుంది. “డీజిలు దిగింది కదా, బాడుగ తగ్గించుకో” అంటారు. పెరిగినప్పుడు మాత్రం “అందరికీ పెరిగింది, నీకొక్కడికేనా?” అంటారు. దేవుడు వరమిచ్చినా పూజారి కనికరించలేదన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఖజానా వదులుకున్న సొమ్ము వర్తకుని దగ్గరనో, మధ్యవర్తి దగ్గరనో ఆగిపోతున్నది. బంకు దగ్గర చేసే సహాయం ఒకటి, బాడుగ ఒప్పందం దగ్గర చేసే సహాయం మరొకటి. మన దేశంలో మొదటిదానిని గురించి చాలా చర్చ జరిగింది. రెండవదానిని గురించి జరగవలసినంత జరగలేదు.

ఈ విషయంలో స్పెయిన్ దేశపు అనుభవం తెలుసుకోదగినది. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద దండెత్తడంతో ఐరోపా అంతటా డీజిలు ధర భగ్గుమన్నది. మార్చి 14న స్పెయిన్‌లో చిన్న లారీ యజమానులు, సొంత బండి తామే నడుపుకొనేవారు, సమ్మెకు దిగారు. ప్రభుత్వంతో మామూలుగా చర్చలు జరిపే పెద్ద సంఘాలు పిలిచిన సమ్మె కాదది. ఆ సంఘాలలో తమ మాట వినిపించడం లేదన్నవారు పిలిచిన సమ్మె. దాదాపు మూడు వారాలు సాగింది. పాడి రైతులనుండి పాలు తీసుకుపోయే బండ్లు నిలిచినవి, రేవులలో చేపలు నిలిచినవి, దుకాణాలలో అరలు ఖాళీ అయినవి. చివరకు ప్రభుత్వం ఏప్రిల్ 1నుండి లీటరుకు 20 సెంట్ల తగ్గింపు ప్రకటించింది. ఒక్కొక్క లారీకి 1,250 యూరోల నగదు సహాయం కూడా ఇచ్చింది. ఆ 20 సెంట్లు మొదట కారు గలవారితో సహా అందరికీ దక్కినవి. ఖజానాకు అది పెద్ద బరువు. 2023 జనవరినుండి దానిని రవాణా వృత్తిగా గలవారికి మాత్రమే పరిమితం చేశారు. అందరికీ పంచి ఆ తరువాత తప్పు దిద్దుకోవడం మనకొక్కరికే చెల్లిన విద్య కాదన్నమాట.

అంతకంటె ముఖ్యమైన పని వేరే ఉన్నది. అది ఆ సమ్మెకు ముందే, మార్చి మొదటి దినాలలో చేసిన శాసనం. ఒప్పందం కుదిరిన తరువాత ఇంధనం ధర నూటికి అయిదు వంతులు గాని అంతకు మించి గాని మారితే, రవాణా బాడుగ కూడా దానికి తగినట్లు మారి తీరాలన్నది అందులోని నియమం. వెనుక ఇటువంటి నియమం ఉండేది గాని, ఇరుపక్షాలూ ఒప్పుకొంటే దానిని పక్కన పెట్టవచ్చునన్న వెసులుబాటు కూడా ఉండేది. బలవంతుడు ఒప్పుకోమంటే బలహీనుడు ఒప్పుకోక ఏం చేస్తాడు? ఆ వెసులుబాటును 2022లో తీసివేశారు. ధర పెరిగితే బాడుగ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. అదే సంవత్సరం ఆగస్టులో మరొక మెట్టు ఎక్కి, లారీ నడిపేవానికి అయ్యే ఖర్చుకంటె తక్కువ బాడుగ ఇవ్వరాదని నిషేధించారు. మరొక చిన్న సంగతి. పెద్ద లారీల డ్రైవర్ల చేత సరుకు ఎత్తించడం, దించడం కూడని పనిగా ఆ మార్చి శాసనమే నిర్ణయించింది. మన హమాలీల వాడుక ఎరిగినవారికి ఇది వింతగా తోచవచ్చు గాని, అక్కడ డ్రైవరు చేతనే ఉచితంగా ఆ చాకిరీ చేయించేవారు.

దక్షిణ కొరియా ఇంకొక దారి తొక్కింది. 2020నుండి కంటెయినర్లూ, సిమెంటూ మోసే లారీలకు కనీస బాడుగను ప్రభుత్వమే ప్రకటిస్తూ వచ్చింది. 2022 చివర గడువు తీరి అది రద్దయిపోయింది. అది నిలపాలని ఆ ఏడు రెండుమార్లు పెద్ద సమ్మెలు జరిగినవి. 2025లో ఆ పద్ధతిని తిరిగి తెచ్చే చట్టం అక్కడి శాసనసభలో నెగ్గింది. అమెరికాలో ప్రభుత్వం బాడుగ జోలికి పోదు. ఇంధనశాఖవారు ప్రతి వారమూ డీజిలు సగటు ధరను ప్రకటిస్తారు. దానిని చూసి బాడుగ మీద ఇంధనపు అదనపు రుసుం కట్టే అలవాటు వర్తకంలో పాతుకొని ఉన్నది. అందరూ నమ్మే ఒక అంకె ఉండడం కూడా ఒక సహాయమే.

మనకు చట్టం లేదా అంటే, ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 67వ సెక్షను బస్సు చార్జీలతోపాటు సరుకుల లారీల బాడుగలకు కూడా కనీస గరిష్ఠ పరిమితులు నిర్ణయించే అధికారాన్ని రాష్ట్రప్రభుత్వాలకు ఇచ్చింది. బస్సు చార్జీల విషయంలో ఆ అధికారం మనకందరికీ అనుభవమే. లారీల విషయంలో అది ఎక్కువగా పుస్తకంలోనే నిద్రిస్తున్నది.

బాడుగను ప్రభుత్వం ముట్టుకుంటే చిక్కులు లేవని చెప్పబోవడం లేదు. హిమాచల్ ప్రదేశ్‌లో సిమెంటు లారీల సంఘాలు బలమైనవి, అక్కడ బాడుగ ఒక లెక్కప్రకారం కుదిరేది. ఆ బాడుగ మితిమీరిందని 2022 డిసెంబరులో రెండు కర్మాగారాలను యాజమాన్యం మూసివేసింది. అరవై రోజులకు పైగా వేలకొలది లారీలు నిలిచిపోయినవి. రాష్ట్రప్రభుత్వం మధ్యవర్తిత్వం వహించిన పిమ్మట 2023 ఫిబ్రవరిలో, పెద్ద లారీలకు టన్నుకు కిలోమీటరుకు 9 రూపాయల 30 పైసలు, చిన్నవాటికి 10 రూపాయల 30 పైసలు చొప్పున తగ్గించిన బాడుగకు ఒప్పందం కుదిరింది. మొత్తం బాడుగను శాసించబోతే ఇటువంటి పట్టుదలలు తప్పవు. కాగితం మీద ఒక బాడుగ రాసి చేతిలో మరొకటి పెట్టే తెలివి కూడా మనవారికి కొత్త కాదు.

అందుచేతనే స్పెయిన్ వారి మొదటి నియమం నాకు ఎక్కువ ఆచరణయోగ్యంగా కనిపిస్తున్నది. బాడుగ ఎంతన్నది వర్తకుడూ లారీవాడే తేల్చుకోవచ్చు. అందులో డీజిలు పాలు మాత్రం డీజిలు ధరను అనుసరించి కదలాలి. దీనివలన సరుకుల ధరలు పెరుగుతాయన్న భయం సహజమే. ఇందాకటి మామిడికాయ లెక్క దానికి సమాధానం: లీటరుకు పది రూపాయలు పెరిగినా కిలోకు 28 పైసలు. ఇసుక, కంకర, బొగ్గువంటి చౌక బరువుల విషయంలో ఆ పాలు ఎక్కువే పడుతుంది. అటువంటివాటికి బాడుగ ఒప్పందాలు తరచు నెలలు, సంవత్సరాల తరబడి ఉంటాయి గనుక, ధర మారితే ఎవరెంత భరించాలన్నది అక్కడ మరీ ముందుగా తేలవలసిన విషయం.

దీనికి కొత్త కార్యాలయమేదీ తెరవనక్కరలేదు. లోడు వేసేటప్పుడు ట్రాన్స్‌పోర్టు ఆఫీసువారు ఒక రసీదు రాసి ఇస్తారు. సరుకు పేరు, బరువు, లారీ నంబరు, చేరవలసిన ఊరు, బాడుగ అందులో ఉంటాయి. వాటి కింద ఇంకొక గీత గీసి, ఆ ఊరిలో ఆనాటి డీజిలు ధర ఎంతో రాయడమూ, సరుకు దింపిన నాటికి ఆ ధర నూటికి అయిదు వంతులు మారి ఉంటే తేడాను బాడుగతోపాటు లెక్క కట్టి చెల్లించడమూ తప్పనిసరి చేస్తే, నూజివీడులో బయలుదేరిన డ్రైవరుకు ఢిల్లీలో చూపించడానికి చేతిలో ఒక కాగితమైనా ఉంటుంది.